అతుకు కనపడ్తుందా

సమాధుల తోటలో మట్టి వేయడం అయ్యాక, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు నన్ను పిలిచారు. నేను రానని చేత్తో సైగ చేసి వెనక్కి జరిగాను. నాకంటే ముందు మాట్లాడినవాళ్లందరూ ఆయన ఎంత పనిమంతుడో, మెదక్‌లో ఫంక్షన్ హాళ్ల గోడల మీద ఎంతెంత బొమ్మలు చూపించాడో చెప్పారు. వాళ్లలో ఇద్దరు, ఆఖరు రెండేళ్లలో ఆయనను కాదని హైదరాబాద్ నుంచి ఎల్‌ఈడీ తెర తెప్పించుకున్నవాళ్లే. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. నాకు ఒళ్లు మండింది.

కానీ నేను మాట్లాడకపోవడానికి అది కారణం కాదు. ఆయన చూపు పోవడంలో నా పాలు ఉంది. ఆ సంగతి చెప్పకుండా మిగతావన్నీ చెప్పడం నాకు చేతకాలేదు, చెబుదామంటే ఆయన బిడ్డ ఎదురుగా నిలబడి ఉంది. అందుకే ఇంటికి వచ్చి రాయడానికి కూర్చున్నాను.

పేరు రాయను. ఊళ్లో సగం మందికి ఆయన పేరు తెలియదు కూడా. ప్రొజెక్టరాయన అంటే చాలు, చర్చి వెనక వాడలో ఇల్లు చూపించేవాళ్లు. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. మాకు చుట్టరికం లేదు, మా దేవుళ్లు వేరు. నాది ఫోటో స్టూడియో. ఫంక్షన్లకు ఫోటోలూ వీడియోలూ నేను తయారుచేసి ఇస్తే ఆయన వాటిని గోడకు ఎక్కించేవాడు. అట్లా పన్నెండేళ్లు కలిసి పనిచేశాం.

అంతకుముందు ఆయన గోడలకు రంగులేసేవాడు. కుల్చారం నుంచి డబ్బాలు కట్టుకుని సైకిల్ మీద వచ్చేవాణ్నని చెప్పేవాడు. ప్రొజెక్టర్ల వైపు ఎట్లా వచ్చాడో నేను అడగలేదు. ఆ పాత పని మాత్రం ఆయన చేతుల్లోంచి పోలేదు. ఏ హాల్లో అడుగుపెట్టినా ముందు గోడను అరచేత్తో రుద్ది చూసేవాడు. నున్నగా మెరిసే రంగు వేసి ఉంటే హాలు ఓనరును తిట్టేవాడు. ఓనరు అక్కడ లేకపోతే ఆ తిట్లు నేను పడాలి.

ఆయన పని ఏమిటో తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. హాలు గోడ చాలా వెడల్పు. ఒక్క ప్రొజెక్టరు బొమ్మ దాని మీద తువ్వాల ఆరేసినంత కనిపిస్తుంది. అందుకని రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన పెట్టి, ఎడమ సగం ఒకదానితో, కుడి సగం ఇంకోదానితో వేస్తారు. రెండింటినీ అంచుకు అంచు ఆనిస్తే నడుమ గీత కనిపిస్తుంది. కాబట్టి నడుమ మూడు నాలుగడుగుల మేర రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడేటట్టు జరిపి, అక్కడ ఒకదాని వెలుగు మెల్లగా తగ్గుతుంటే రెండోదాని వెలుగు మెల్లగా పెరిగేటట్టు సర్దాలి. కుదిరిందా, గోడంతా ఒకటే బొమ్మ. కుదరలేదా, నడుమ నిలువునా ఒక పట్టీ. కంపెనీవాళ్లు దీన్ని బ్లెండింగ్ అంటారు. ఆయన అతుకు అనేవాడు. గోడకు రంగు వేసేటప్పుడు తడి ఆరకముందే తడి కలపాలి, ఆరిపోయాక కలిపితే జన్మలో పోని గీత పడుతుంది, ఇదీ అంతే అని నాకు నేర్పాడు.

ఫంక్షన్ సాయంత్రమైతే పొద్దున పదింటికే హాలుకు వచ్చేవాడు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టించేవాడు. చెప్పులు బయట విడిచేవాడు. అతుకు కుదిరేదాకా అన్నం ముట్టడు, నన్నూ ముట్టనివ్వడు. ఆయన సంచిలో పాత పెళ్లికార్డులు ఒక కట్ట ఉండేవి. ప్రొజెక్టరు కాలు వెంట్రుకవాసి ఎత్తాలంటే కింద కార్డు పెట్టేవాడు. పేదింటి కార్డు పల్చగా ఉంటుందని, షావుకారింటి కార్డు అట్టలా ఉంటుందని, ఏది ఎంత ఎత్తు లేపుతుందో ఆయనకు లెక్క తెలుసు. ఒకసారి మా పెళ్లికార్డు కూడా ఆ కట్టలో కనబడింది. ఇదేందన్నా అంటే, నీది నడిమిరకం, మస్తు పనికొస్తదన్నాడు.

ముందు గళ్లు వేసేవాడు. ఎడమ ప్రొజెక్టరుతో ఎర్రగీతలు, కుడి ప్రొజెక్టరుతో ఆకుపచ్చ గీతలు. రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే గోడ మీద పసుపుపచ్చ గీత పుడుతుంది. ఎర్రది ఒకపక్క, ఆకుపచ్చది ఒకపక్క తొంగిచూస్తే ఇంకా కుదరనట్టు. గీతలు అయ్యాక గోడంతా తెలుపు వేసేవాడు, ఆ తర్వాత బూడిదరంగు, చివరికి నలుపు. నలుపు దగ్గరే ఎక్కువసేపు పట్టేది. ప్రొజెక్టరుకు నిజమైన నలుపు లేదు, నలుపు వేయమన్నా కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది. నడుమ రెండు ప్రొజెక్టర్లదీ కారుతుంది కాబట్టి అక్కడ నలుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. తెల్లటి దాంట్ల ఎవడైనా దాస్తడు, నల్లటి దాంట్లనే బండారం బయటపడ్తది అనేవాడు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

అన్నీ అయ్యాక అసలు పరీక్ష. దీని కోసం ఆయన ఎప్పుడూ పనివాళ్లను అడగలేదు. వంటల దగ్గర గిన్నెలు తోమే మనిషినో, కూరగాయలు దింపడానికి వచ్చిన ఆటో ఆయననో లోపలికి పిలిచి, ఆఖరు వరుస మూల కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద ఏం కనపడ్తుందో చెప్పమనేవాడు. గీత అనే మాట తన నోటి నుంచి రానిచ్చేవాడు కాదు. నేను చూసి చెబుతానుగా అని కొత్తలో ఒకసారి అన్నాను. ఆయన నవ్వలేదు.

“నువ్వు నా మనిషివి తమ్మీ. నీకు ఆకలైతుంటది, నా మీద ప్రేమ, పావురం ఉంటది. నీ కండ్లు నాకు పనికిరావు.”

రామాయంపేట రోడ్డులో కొత్తగా కట్టిన ఒక హాల్లో జరిగింది చెబుతాను. అప్పటికి మధ్యాహ్నం రెండు. నా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. నా కంటికి అతుకు ఎక్కడా లేదు. ఆయన గిన్నెలు తోమే ఒక పెద్దావిడను పిలుచుకొచ్చాడు. ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, కూర్చోమన్నా కూర్చోక, నిలబడే చాలాసేపు చూసింది. గోడ నడుమ నెమ్ము ఎక్కింది సార్, పైన గిట్ల పైపు కారుతుందేమో చూపించుండ్రి అంది. అంతే. ఆయన ఆమెకు దండం పెట్టి, స్టూలు ఎక్కి మళ్లీ మొదలుపెట్టాడు. మూడున్నర దాకా చేశాడు. మళ్లీ ఆమెనే పిలిచాడు. ఆమె చూసి, ఆరిపోయింది సార్ అంది. ఆ రోజు పెళ్లివారి కంటే ముందు ఆ పెద్దావిడకు పప్పూ అన్నం పెట్టించి, ఆమె తిన్నాక మేం తిన్నాం. ఆకలికి నేను ఆమెను లోపల తిట్టుకున్నాను. తర్వాతి రోజుల్లో అట్లాంటి మనిషి ఒక్కతి దొరికినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆయన పెట్టుకున్న ఇంకో కట్టడి, నడుమ మొహం పెట్టకూడదు. అతుకు ఎంత బాగా కుదిరినా, లారీ పోయి నేల అదిరితే వెంట్రుకవాసి జరుగుతుంది. ఆకాశం జరిగితే ఎవడికీ తెలియదు, మొహం జరిగితే పసిపిల్లకు కూడా తెలుస్తుంది. అందుకని పెళ్లికొడుకును ఎడమకు, పెళ్లికూతురును కుడికి పెట్టి, నడుమ పూలో చెట్లో ఉండేటట్టు నాతో వీడియో చేయించేవాడు. కొత్తజంటను ఒకచోట ఉంచనివ్వవా అని వాళ్ల బంధువులు పోట్లాడేవాళ్లు. పెళ్లి చేసింది మీరు, విడగొట్టేది నేను, బొమ్మ ఒక్కటుండాలంటే గంతే అనేవాడు.

ఇక చూపు సంగతి.

ఆయనకు షుగరు ఉందని నాకు తెలుసు. గోళీలు గుర్తొస్తే వేసుకునేవాడు, లేకపోతే లేదు. ఆయన భార్యకు, మా వదినకు, ఛాతీలో గడ్డ అని తేలిన సంవత్సరం నుంచి ఆయన తన గోళీలు పూర్తిగా మరిచిపోయాడు. వారంలో రెండుసార్లు ఆమెను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోవడం, తీసుకురావడం, మధ్యలో దొరికిన ఫంక్షన్ చేయడం. ఆ రోజుల్లోనే నేను గమనించాను. రిమోట్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. చాయ్ గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకున్నాడు. గళ్లు వేసినప్పుడు, పసుపు వచ్చిందా తమ్మీ అని నన్ను అడిగాడు. అంతకుముందెప్పుడూ ఆయన నన్ను అది అడగలేదు. నేను వచ్చిందన్నాను, నిజంగానే వచ్చింది. కళ్లు చూపించుకోరాదే అన్నా అని కూడా అన్నాను. ముందు మీ వదిన సంగతి కానియ్ అన్నాడు. నేను మళ్లీ ఎత్తలేదు. ఇంకో నాలుగుసార్లు ఎత్తి ఉంటే నా సొమ్మేం పోయేది?

మొదటి అబద్ధం ఒక బడి వార్షికోత్సవానికి చెప్పాను. ఆ రోజు ఆయన దవాఖాన నుంచి నేరుగా హాలుకు వచ్చాడు, కళ్ల కింద నల్లగా ఉంది. పని అయ్యాక బయటికి పోయి ఎవరినీ పిలుచుకురాలేదు. ఆఖరు వరుసలోకి నన్ను తీసుకుపోయి, గోడ వైపు చూడకుండా నా వైపు చూసి అడిగాడు.

“అతుకు కనపడ్తుందా?”

కనపడుతోంది. సన్నగా, నీలంగా, జానెడు వెడల్పు. కనపడుతోందంటే ఆయన మళ్లీ స్టూలు ఎక్కుతాడు, ఎక్కినా సర్దలేడు, సర్దలేకపోతున్నానని ఆయనకు అప్పుడే తెలుస్తుంది. ఇంట్లో ఆమె ఆ స్థితిలో ఉంది. ఈయన మీద ఇంకో బండ ఎందుకు వేయాలి అనుకున్నాను. లేదన్నా, మంచిగ కుదిరింది అన్నాను. ఆయన భుజాలు దిగాయి. కుర్చీలో కూర్చుని రెండు నిమిషాలు కళ్లు మూసుకున్నాడు. ఆ రెండు నిమిషాలు చూసి నేను మంచిపనే చేశాననుకున్నాను. సిగ్గు లేకుండా అట్లాగే అనుకున్నాను.

రెండోసారి ఇంకా సులువైంది. తర్వాత తర్వాత నేను గోడ వైపు సరిగా చూడకుండానే లేదన్నా అనేవాణ్ని. ఎవరినైనా బయటి మనిషిని పిలుద్దామా అని ఒక్కసారి కూడా నేను అనలేదు, ఆయనా అనలేదు. తన చూపు తగ్గిన సంగతి బయటివాళ్లకు తెలుస్తుందని ఆయన భయం. నా అబద్ధం బయటపడుతుందని నా భయం. జానెడు పట్టీ మూరెడైంది. జనం మొహం మీద ఏమీ అనలేదు. మన దగ్గర ఎవరూ మొహం మీద అనరు, ఇంకోసారి పిలవరు, అంతే. పిలిచేవాళ్లు తగ్గుతుంటే, ఎల్‌ఈడీ తెరలు వచ్చి మన పొట్ట కొట్టినయ్ తమ్మీ అనేవాడు. నేను కూడా ఆయనతో కలిసి ఆ తెరలను తిట్టేవాణ్ని.

ఏడాదిన్నర అట్లా గడిచింది. వదిన పోయింది.

ఆమె గురించి కూడా ఒక మాట. అతుకు కుదిరేదాకా తినని ఆ మనిషికి పన్నెండేళ్లు డబ్బా పంపింది ఆమె. అందులో నాకు కూడా పెట్టేది, ఆయనకు చెప్పొద్దు, ముందే తినేయ్ మరిదీ అని. పోయిన తర్వాత చర్చి వాళ్ల పద్ధతి ప్రకారం ఆదరణ కూడిక పెట్టారు. వాడలోని చిన్న హాల్లో, పొద్దున పదకొండింటికి. ఆమె బొమ్మ గోడంతా వేస్తానన్నాడు ఆయన. బొమ్మ నేను తీసిందే. పోచారం చెరువు కట్ట మీద ఆమె నిలబడి, ఎండకు కొంగు నుదుటి మీదికి లాక్కుంటూ నవ్వుతోంది. రెండు పక్కలా నీళ్లు. ఆమె సరిగ్గా నడుమ ఉంది.

పక్కకు జరుపుతానన్నాను. వద్దన్నాడు. ఒక్క ప్రొజెక్టరుతో చిన్నగా వేద్దామన్నాను. ఆయన సంచి విప్పుతూనే అన్నాడు.

“ముప్పై ఏండ్లు నా ఎనక నిలవడ్డది. ఇయ్యాల నడుమ నిలవడనియ్.”

పొద్దున ఏడింటి నుంచి పనిచేశాడు. గోడకు అడుగు దూరంలో నిలబడి, తల అటూ ఇటూ వంచి, మళ్లీ ప్రొజెక్టరు దగ్గరికి తడుముకుంటూ పోయి, మళ్లీ గోడ దగ్గరికి వచ్చి. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేశాడు. పదిన్నరకు బొమ్మ వేశాడు. వదినకు రెండు ముక్కులున్నాయి. నుదుటి నుంచి గడ్డం దాకా నీలంగా వెలిసిపోయిన పట్టీ. ఒక కన్ను కిందికి, ఒక కన్ను పైకి. ఆయన ఆఖరు వరుసకు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. బయట షామియానా కింద జనం కూర్చున్నారు. పాస్టరుగారు తలుపు దగ్గర గడియారం చూసుకుంటున్నారు. ఆయన అదే ప్రశ్న అడిగాడు.

నేను ఆ ఒక్క నిమిషం గురించి చాలాసార్లు ఆలోచించాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. కానీ ఇప్పుడు కనపడుతోందంటే, మరి ఇన్నాళ్లూ కనపడిందా అని అడుగుతాడు. నాకు ఆ రెండో ప్రశ్న భయం. దయ అయిపోయి చాలా రోజులైంది, ఆ రోజు నాది ఉత్త పిరికితనం. మంచిగున్నదన్నా, వదిన మంచిగ కనపడ్తుంది అన్నాను.

జనం వచ్చారు. కూర్చున్నారు. దీపాలు ఆర్పి బొమ్మ వేశాడు. ఆయన ముందు వరుసలో, చేతులు కట్టుకుని, గోడ వైపు తిరిగి నవ్వుతూ నిలబడ్డాడు. అప్పుడు ఆయన మనవరాలు, నాలుగేళ్లది, తల్లి ఒడిలోంచి గట్టిగానే అడిగింది.

“అమ్మమ్మ మొఖం ఎందుకు పగిలింది?”

తల్లి దాని నోరు మూసింది. ఆయన విన్నాడు. మెల్లగా గోడ దగ్గరికి నడిచాడు. రెండు ప్రొజెక్టర్ల వెలుగూ ఆయన మీద పడి గోడ మీద ఆయనకు రెండు నీడలు వచ్చాయి. వదిన బొమ్మ మీద చెయ్యి పెట్టి, ముక్కు గోడకు ఆనేంత దగ్గరగా పోయి చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. తర్వాత వచ్చి రెండు ప్రొజెక్టర్లూ ఆపేశాడు. దీపాలు వేశారు, కీర్తన ఎత్తుకున్నారు. ఆయన కూడా పాడాడు.

భోజనాల దగ్గర చేతులు కడుక్కునే చోట నా పక్కకు వచ్చాడు. గొంతు మామూలుగానే ఉంది.

“ఎన్ని దినాల సంది?”

“ఏడాదిన్నర అన్నా.”

తల ఊపాడు. చేతులు తుడుచుకున్నాడు. అన్నం తిని పో అన్నాడు. నన్ను నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది.

నాలుగు రోజుల తర్వాత నేనే ఆయనను హైదరాబాద్ కంటి దవాఖానకు తీసుకుపోయాను. రానన్నాడు, బతిమాలితే వచ్చాడు. డాక్టరమ్మ చుక్కలు వేసి, లైటు వేసి, పటాలు తీసి చాలాసేపు చూసింది. షుగరు వల్ల కంటి వెనక రక్తనాళాలు చిట్లిపోయాయి, ఎడమది పూర్తిగా పోయింది, కుడిది కూడా ఎన్నాళ్లో ఉండదు అంది. ఏడాది కింద వచ్చి ఉంటే లేజరు పెట్టి చాలావరకు నిలిపేవాళ్లమంది. ఆయన చేసే పనేమిటో అడిగి తెలుసుకుని ఆమె ఆశ్చర్యపోయింది. ఇన్ని రోజులు పనిలో తప్పులు వచ్చే ఉంటాయి కదా, పక్కనున్నవాళ్లు ఎవరూ చెప్పలేదా అని అడిగింది. నేను ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉన్నాను.

“ఎవలకు తెల్వలేదు డాక్టరమ్మా” అన్నాడు ఆయన.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయనను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నర్సాపూర్ అడవి మొదలయ్యాక, మందికి నేనెందుకు పనికిరాకుండ పోయిన్నో ఇప్పుడు సమజైంది, ఉత్తగనే ఆ తెరలను తిట్టిన అన్నాడు. నా గురించి ఏమీ అనలేదు. నేను ఏడ్చాను. ఆయనకు కనిపించలేదు, వినిపించి ఉంటుంది.

ఆ తర్వాత ఆయన ఏ హాలు గడపా తొక్కలేదు. కుడి కన్ను కూడా ఆరేడు నెలల్లో పోయింది. నేను వారానికి రెండుసార్లు ఇంటికి పోయేవాణ్ని. రావద్దని ఆయన అనలేదు, రమ్మనీ అనలేదు. వరండాలో కుర్చీ వేసుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నేను ఏదో మాట్లాడేవాణ్ని, ఆయన ఊ కొట్టేవాడు. నేను చెప్పేవాటిని నమ్ముతున్నాడో లేదో నాకు తెలిసేది కాదు. ఇవాళ మబ్బు పట్టిందన్నా అని నేనంటే, కాసేపయ్యాక పక్కింటి ఆవిడను పిలిచి, మబ్బు పట్టిందా అక్కా అని అడిగిన రోజు ఒకటుంది. ఆ రోజు నేను మామూలుగానే చాయ్ తాగి, లేచి వచ్చేశాను.

ఈ వానాకాలం మొదట్లో కాళ్లు వాచాయి. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. మెదక్ ప్రభుత్వ దవాఖానలో పడుకోబెట్టారు. బిడ్డ వారం రోజులు దగ్గరే ఉండి, పిల్లను చూసుకునేవాళ్లు లేక, ఆదివారం మళ్లీ వస్తానని అల్లాదుర్గ్ పోయింది. ఆమె పోయిన మర్నాడు, గురువారం మధ్యాహ్నం, డాక్టరు ఆయన అల్లుణ్నీ నన్నూ బయటికి పిలిచాడు. రెండు రోజులు, మహా అయితే మూడు అన్నాడు. ఆదివారం దాకా ఉంటాడా అని అల్లుడు అడిగితే పెదవి విరిచాడు. అల్లుడు మంచివాడే. మామకు ఏమీ తెలియనివ్వొద్దు, పరేషాన్ అయితడు, సోమవారం ఇంటికి పంపిస్తరని చెబుదాం అన్నాడు. బిడ్డకు కూడా ఇప్పుడే చెప్పొద్దు, అంత దూరం నుంచి ఏడ్చుకుంటూ వస్తది అన్నాడు. పాస్టరుగారు అప్పటికే లోపల, మీకేం కాదు, దేవుడున్నాడు అని చెబుతున్నారు. నర్సు కూడా అదే చెప్పింది. అందరూ ఒకటే మాట మీద ఉన్నారు.

పాస్టరుగారు పోయాక నేను లోపలికి పోయి స్టూలు మీద కూర్చున్నాను. నడకను బట్టి ఆయన నన్ను గుర్తుపట్టాడు. దిండు మీద తల ఎత్తి అడిగాడు.

“డాక్టర్ ఏమన్నడు తమ్మీ?”

అల్లుడు తలుపు దగ్గర నిలబడి నా వైపు చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు.

“రెండు మూడు దినాలన్నడన్నా. ఆదివారం దాక కష్టమే అన్నట్టున్నడు.”

అల్లుడు నన్ను పట్టుకుని బయటికి లాగాడు. నీకు మనసుందా, సచ్చే మనిషికి గట్ల చెప్తరా అని వరండాలో అందరూ వినేటట్టు తిట్టాడు. అప్పటి నుంచి అతను నాతో మాట్లాడలేదు. సమాధి దగ్గర కూడా నా పక్కన నిలబడలేదు. అతని తప్పేం లేదు.

లోపలి నుంచి ఆయన పిలిచాడు.

“బిడ్డను ఇయ్యాలనే రమ్మను. దానితోని చెప్పేటియి ఉన్నయి.”

నేనే ఫోన్ చేశాను. ఆమెకు కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బయల్దేరుతున్నా చిన్నాయనా అంది. ఆ సాయంత్రం తండ్రీ బిడ్డా ఇద్దరే కూర్చుని గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలియాల్సిన పని లేదు. తెల్లారి తొమ్మిదింటికి ఆయన పోయాడు. శుక్రవారం.

కానీ బిడ్డ వచ్చేలోపల రెండు గంటలున్నాయి. ఫోన్ పెట్టేసి నేను లోపలికి వచ్చి, వస్తుందన్నా, బయల్దేరుతుంది అని చెప్పాను. మంచం పట్టీ మీద తడుముతూ నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. కోపం లేదు ఆయన మొహంలో. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడిగాడు.

“గిట్ల చెప్పనీకె వస్తది గదరా నీకు. అప్పుడేమైంది?”

పావురం అని చెప్పలేను, భయం అని చెప్పలేను. రెండూ నిజమే, కానీ ఆ రెండూ కలిపినా ఆయన కళ్లకు సాటి రావు. బిడ్డ వచ్చేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు, మొహం నా వైపు తిప్పే ఉంచాడు.